సివిల్స్ దారి: ముందు మన కాలాన్ని లెక్కగట్టుకుందాం

(కరీంనగర్‌లో డిగ్రీ, పీజీ విద్యార్థులనూ వారి తల్లిదండ్రులనూ ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



సివిల్ సర్వీసుల పరీక్షకు ఎలా చదవాలో చెప్పమని నన్ను కోరారు. ఇటువంటి సభలలో సాధారణంగా వినిపించే మాటలు రెండు. కష్టపడండి అన్నది మొదటిది, కలలు కనండి అన్నది రెండవది. తెల్లవారుజామునే లేచి కోరుట్లలో, భైంసాలో, కాగజ్‌నగర్‌లో బీడీలు చుట్టే తల్లుల బిడ్డలకు, గల్ఫ్‌కు వెళ్లి నెలనెలా డబ్బు పంపే తండ్రుల బిడ్డలకు కష్టం గురించి నేను చెప్పవలసిందేమీ లేదు. అందుచేత ఈనాడు లెక్క గురించి మాట్లాడుతాను. మన చేతిలో ఎన్ని గంటలున్నాయి, వాటిని ఎక్కడ ఖర్చు చేయాలి, ఎక్కడ వృథా చేస్తున్నాం అన్నదే నా ప్రసంగ విషయం.

సమస్య తెలివిలో లేదు

2005లో ఏర్పడిన జస్టిస్ రాజీందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన తన నివేదికలో, ఐఏఎస్‌లో ముస్లింలు 3 శాతం, ఐఎఫ్ఎస్‌లో 1.8 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం మాత్రమే ఉన్నారని తేల్చింది. 2001 జనగణన ప్రకారం దేశ జనాభాలో మన వాటా 13.4 శాతం. ఈ అంకెలను మనం సభల్లో చాలాసార్లు వల్లించుకున్నాం. అదే నివేదికలోని మరో అంకెను మాత్రం అంతగా పట్టించుకోలేదు. 2003, 2004 సంవత్సరాల సివిల్స్ మెయిన్స్ రాసినవారిలో ముస్లింలు 4.9 శాతమే. అయితే రాసినవారిలో నెగ్గినవారి నిష్పత్తి ఇతరులతో దాదాపు సమానంగానే ఉంది.

ఈ మాటను నిదానంగా ఆలోచించండి. పరీక్ష హాలులో కూర్చున్న మన బిడ్డ ఇతరుల కంటే వెనుకబడడం లేదు. ఆ హాలు దాకా చేరే బిడ్డలే తక్కువ. మధ్యలో చదువు మానేసేవారు, డిగ్రీ పూర్తిచేసి దుకాణంలో కూర్చునేవారు, పెళ్లితో పుస్తకం మూసేసే ఆడపిల్లలు, ఇది మన వల్ల కాదని దరఖాస్తే చేయనివారు అందరూ ఆ లెక్కకు వెలుపలే ఉండిపోతున్నారు. మన మొదటి కర్తవ్యం దరఖాస్తు చేయడం, రెండవది ప్రణాళికతో చదవడం.

మన గడ్డ మీది రుజువులు

దూరపు ఉదాహరణలు అక్కరలేదు. మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2017 సివిల్స్‌లో దేశంలోనే మొదటి ర్యాంకు సాధించారు. ఆ సంవత్సరం 990 మంది ఎంపికయ్యారు. ఆయనకది ఐదవ ప్రయత్నం. అంతకుముందే 2013 పరీక్షతో ఐఆర్ఎస్‌కు ఎంపికై, ఉద్యోగం చేస్తూనే మళ్లీ చదివారు. మొత్తం 2025 మార్కులకు ఆయనకు వచ్చినవి 1126, అంటే సుమారు 56 శాతం. దేశంలో అందరికంటే పైనున్న అభ్యర్థికి వచ్చినవి ఇవి! తొంభై శాతం మార్కులకు అలవాటుపడిన మన ఇంటర్ లెక్కలు ఇక్కడ పనికిరావని గ్రహించండి. అన్నీ తెలిసినవాడి కోసం ఈ పరీక్ష వెతకదు. అన్ని పేపర్లలోనూ తడబడకుండా సగానికి పైగా తెచ్చుకునేవాడే ఇందులో నిలుస్తాడు.

రామడుగు మండలం వెలిచాల నుంచి నందాల సాయికిరణ్ 2023 సివిల్స్‌లో 27వ ర్యాంకు తెచ్చుకున్నారు. తండ్రి నేత కార్మికుడు, ఇప్పుడు లేరు. తల్లి బీడీ కార్మికురాలు. ఆయన కూడా ఉద్యోగం చేస్తూనే చదివారు. సరిహద్దుకు అవతల, ఒకప్పుడు మనతోపాటే హైదరాబాద్ సంస్థానంలో ఉన్న మరఠ్వాడాలోని జాల్నా జిల్లా నుంచి ఆటో డ్రైవర్ కుమారుడు అన్సార్ షేక్ 2015 పరీక్షలో 361వ ర్యాంకుతో నెగ్గినప్పుడు ఆయన వయసు 21 ఏళ్లు. ఒకరిది ఐదవ ప్రయత్నం, మరొకరిది 21 ఏళ్ల వయసు. దారి ఒక్కటే అయినా ఒక్కొక్కరికీ పట్టే కాలం వేరు.

ఏ పరీక్షకు చదువుతున్నాం?

2023 సివిల్స్‌కు దరఖాస్తు చేసినవారు పది లక్షలకు పైగా. ప్రిలిమ్స్ రాసినవారు సుమారు 5 లక్షల 92 వేలు. మెయిన్స్‌కు అర్హులైనవారు 14,624 మంది, తుదకు ఎంపికైనవారు 1,016 మంది. ఈ అంకెలు చూసి భయపడవద్దు, అలాగని వాటిని మరచిపోనూ వద్దు. మీ చదువును ఒక్క పరీక్షకు తాకట్టు పెట్టకూడదన్నదే వీటి సారాంశం.

ప్రిలిమ్స్‌లో రెండు పేపర్లు, ఒక్కొక్కటి 200 మార్కులు. మొదటిది జనరల్ స్టడీస్, 100 ప్రశ్నలు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులలో మూడవ వంతు పోతుంది. రెండవది సీశాట్, 80 ప్రశ్నలు. ఇందులో 33 శాతం వస్తే చాలు, ర్యాంకుకు లెక్కించరు. అయితే ఈ 33 శాతం రాక మొదటి పేపరు మంచిగా రాసినవారు కూడా ఇంటిబాట పడుతున్నారు. పదో తరగతితో గణితానికి సలాం చెప్పిన ఆర్ట్స్ విద్యార్థులు దీనిని చిన్నచూపు చూడవద్దు.

మెయిన్స్‌లో వ్యాసం 250, జనరల్ స్టడీస్ నాలుగు పేపర్లు ఒక్కొక్కటి 250, ఐచ్ఛిక విషయం రెండు పేపర్లు 500, వెరసి 1750. ఇంటర్వ్యూ 275. ఒక భారతీయ భాషా పేపరు, ఒక ఇంగ్లిష్ పేపరు కేవలం అర్హత కోసం. మెయిన్స్‌ను తెలుగులో రాయవచ్చు, ఉర్దూలో రాయవచ్చు. తెలుగు సాహిత్యం, ఉర్దూ సాహిత్యం రెండూ ఐచ్ఛిక విషయాలుగా ఉన్నాయి. ఉర్దూ మీడియంలో చదివాం, మాకు దారి మూసుకుపోయిందని ఇక ఎవరూ అనవద్దు.

ఇక మన రాష్ట్ర గ్రూప్-1. ప్రిలిమ్స్ 150 మార్కులు. మెయిన్స్‌లో అర్హత కోసం జనరల్ ఇంగ్లిష్, ర్యాంకు కోసం ఆరు పేపర్లు, ఒక్కొక్కటి 150 చొప్పున 900 మార్కులు. మెయిన్స్ ఇంగ్లిష్, తెలుగు, ఉర్దూలలో ఏ భాషలోనైనా రాయవచ్చు. గ్రూప్-2లో నాలుగు పేపర్లకు 600 మార్కులు. చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, భూగోళం అనే నాలుగు స్తంభాలు మూడు పరీక్షలకూ ఉమ్మడివి. వీటిని గట్టిగా నిలబెట్టుకుంటే తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణ అనే అధ్యాయాన్ని చేర్చుకొని గ్రూప్స్ వైపు, ఐచ్ఛిక విషయాన్ని చేర్చుకొని సివిల్స్ వైపు నడవవచ్చు.

సంవత్సరంలో ఎన్ని గంటలు?

రోజుకు పదహారు గంటలు చదివామని చెప్పేవారి మాటలు విని మన పిల్లలు బెంబేలెత్తుతున్నారు. మధ్యాహ్నం దాకా కాలేజీ, సాయంత్రం అబ్బా దుకాణం ఉన్న కుర్రవాడికి పదహారు గంటలు ఎక్కడివి? ఇంటిపని, తమ్ముళ్ల బాధ్యత ఉన్న ఆడపిల్లకు ఎక్కడివి? కనుక ఐదు గంటలతో లెక్క వేద్దాం.

రోజుకు ఐదు గంటలు, వారానికి ఆరు రోజులు అంటే 30 గంటలు. 52 వారాలకు 1560. రంజాన్ నాలుగు వారాలలో సగమే సాగుతుందనుకుంటే 60 గంటలు తగ్గుతాయి. పండుగలు, పెళ్లిళ్లు, జ్వరాలు, కాలేజీ పరీక్షల కింద మరో నాలుగు వారాలు, అంటే 120 గంటలు తీసివేయండి. మిగిలేవి 1380. ఇందులో మూడవ వంతు, అంటే 460 గంటలు పునశ్చరణకూ జవాబులు రాయడానికీ ముందే పక్కన పెట్టాలి. కొత్తగా చదవడానికి మిగిలినవి 920 గంటలు.

ఈ 920లో ఐచ్ఛిక విషయానికి 300, చరిత్ర, సంస్కృతికి 120, భూగోళం, పర్యావరణానికి 120, రాజ్యాంగం, పాలనకు 110, ఆర్థిక వ్యవస్థకు 110, సీశాట్‌కు 60, విజ్ఞాన శాస్త్రానికి 50, నైతికతకు 50. మొత్తం సరిపోయింది. పత్రిక చదవడానికి ముప్పావు గంట ఈ ఐదు గంటలకు వెలుపల. మీ బలాబలాలను బట్టి అంకెలు మార్చుకోండి. మొత్తం మాత్రం 920 దాటకూడదు. రాజ్యాంగానికి 110 గంటలే ఉన్నాయని తెలిసిన విద్యార్థి ఆరు పుస్తకాలు కొనడు. లక్ష్మీకాంత్ పుస్తకం ఒక్కటి తీసుకొని నాలుగుసార్లు చదువుతాడు. గంటలు లెక్కపెట్టనివాడే కొత్త పుస్తకం కనిపించినప్పుడల్లా పాతదాన్ని వదిలేస్తాడు.

మొదటి మూడు నెలలు ఆరవ తరగతి నుంచి పన్నెండవ తరగతి దాకా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకు కేటాయించండి. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తెలుగులోనూ ఉర్దూలోనూ దొరుకుతాయి. తర్వాత ఐదు నెలలు ప్రామాణిక గ్రంథాలు, ఐచ్ఛిక విషయం, వారానికి మూడు రోజులు జవాబులు రాయడం. ప్రిలిమ్స్‌కు నాలుగు నెలల ముందు నుంచి పాత ప్రశ్నపత్రాలు, పునశ్చరణ. ఆ నాలుగు నెలల్లో కొత్త పుస్తకం ముట్టవద్దు.

రంజాన్ మాట వచ్చింది కనుక ఒక సంగతి. చాంద్రమాన సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఇప్పుడు రంజాన్ ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో వస్తోంది. సివిల్స్ ప్రిలిమ్స్ సాధారణంగా మే నెలాఖరున ఉంటుంది. అంటే సరిగ్గా పునశ్చరణ మొదలయ్యే కాలం. దీనిని ఆటంకంగా చూడకండి. సహరీకి ఇల్లంతా మేలుకొనే ఉంటుంది. సహరీ తర్వాత, ఫజ్ర్ నమాజు ముగించుకొని కూర్చుంటే ఎండ ఎక్కేలోపు రెండు గంటల చదువు సాగుతుంది. ఒంట్లో శక్తి తగ్గే మధ్యాహ్నం వేళ కొత్త విషయాల జోలికి పోకుండా బహుళైచ్ఛిక ప్రశ్నలు చేసుకోండి.

రాయని చదువు చదువు కాదు

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నా కాలంలో నేను కూడా ఒక మెయిన్స్ పరీక్ష దాకా వెళ్లాను. రెండేళ్లు పుస్తకాలు నమిలాను. ఒక్క జవాబు కూడా గడియారం పెట్టుకొని రాయలేదు. హాలులో మొదటి రెండు ప్రశ్నలకు నాకు తెలిసినదంతా కుమ్మరించాను. గంట మోగేసరికి ఐదు ప్రశ్నలు ముట్టుకోకుండా మిగిలిపోయాయి. వాటికి జవాబులు నాకు తెలుసు. ఇంటికి తిరిగివచ్చే బస్సులో కరీంనగర్ వచ్చేదాకా ఆ ఐదు జవాబులూ మనసులో రాసుకుంటూనే ఉన్నాను. ఆ బస్సు ప్రయాణం మీకు రాకూడదనే ఈ మాట చెబుతున్నాను.

సివిల్స్ జనరల్ స్టడీస్ మొదటి మూడు పేపర్లలో మూడు గంటలకు 20 ప్రశ్నలు. ప్రశ్నకు తొమ్మిది నిమిషాలు. 10 మార్కులదానికి 150 మాటలు, 15 మార్కులదానికి 250 మాటలు. మూడు గంటల్లో నాలుగు వేల మాటలు చేతితో రాయాలి. ఫోనులో వీడియోలు చూస్తే ఈ చేయి సిద్ధం కాదు. మొదటి నెలలోనే రోజుకొక జవాబుతో మొదలుపెట్టండి. తప్పులు ఉండనీయండి. ఇద్దరు స్నేహితులు ఒకరి జవాబు ఒకరు దిద్దుకుంటే ఖర్చు లేకుండానే సగం కోచింగ్ పూర్తవుతుంది.

రాసేటప్పుడు మన జిల్లాలను మరచిపోకండి. పరీక్షలో అడిగేది చాలావరకు మన కళ్లముందే ఉంది. శాతవాహనుల చరిత్రకు కోటిలింగాల, ధూళికట్ట ఉన్నాయి. ఆదివాసీ పోరాటాలకు 1940 నాటి జోడేఘాట్, కొమురం భీం ఉన్నారు. 1857 తిరుగుబాటు ప్రతిధ్వనికి నిర్మల్‌లో గోండులతో రోహిల్లాలు కలిసి చేసిన పోరాటం, 1860లో ఉరికంబమెక్కిన రాంజీ గోండు ఉన్నారు. ఏజెన్సీ భూముల బదలాయింపుపై 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్, కవ్వాల్ పులుల అభయారణ్యం, సింగరేణి బొగ్గు, రామగుండం విద్యుత్తు, సిరిసిల్ల మరమగ్గాలు, జగిత్యాల నుంచి గల్ఫ్ వలస ఉన్నాయి. ఢిల్లీలో చదివే విద్యార్థి వీటిని పుస్తకంలో చూసి రాస్తాడు. మీరు చూసినవి మీరు రాయండి.

కాగితం దగ్గర ఓడిపోవద్దు

ఇప్పుడు చెప్పబోయేది పుస్తకాలలో దొరకదు. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

2007 చట్టం ప్రకారం రాష్ట్రంలో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినా, అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. ఇది రాష్ట్ర ఉద్యోగాల సంగతి. కేంద్రంలో ఓబీసీ జాబితా వేరు. చేతిలో బీసీ-ఇ ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన సివిల్స్‌లో ఓబీసీ కాలేరు. మీ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందుగా చూసుకోండి. దూదేకుల, నూర్‌బాషా, పింజారీ వర్గాలు రాష్ట్రంలో బీసీ-బి, కేంద్ర జాబితాలోనూ ఉన్నాయి. కేంద్ర జాబితాలో లేని కుటుంబాలు, ఏడాది ఆదాయం 8 లక్షలకు తక్కువై, భూమి ఆస్తుల నిబంధనలకు లోబడి ఉంటే, కేంద్ర పరీక్షలకు ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. అంటే ఒకే బిడ్డ హైదరాబాద్ దరఖాస్తులో బీసీ-ఇ, ఢిల్లీ దరఖాస్తులో ఈడబ్ల్యూఎస్ కావచ్చు.

దీని మీదనే వయసు, ప్రయత్నాల లెక్క ఆధారపడి ఉంటుంది. సివిల్స్‌లో జనరల్ అభ్యర్థికి 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు. ఓబీసీకి 35 ఏళ్లు, తొమ్మిది ప్రయత్నాలు. ఈడబ్ల్యూఎస్‌కు సీట్లలో 10 శాతం వాటా ఉంది గాని వయసులో, ప్రయత్నాలలో సడలింపు లేదు. తనకు తొమ్మిది ప్రయత్నాలున్నాయనుకొని నిదానంగా నడిచిన విద్యార్థికి ఆరవదాని తర్వాత నిజం తెలిస్తే ఆ నష్టాన్ని ఎవరు పూడ్చగలరు? ప్రిలిమ్స్‌లో ఒక్క పేపరు రాసినా ప్రయత్నం లెక్కలోకి వస్తుంది. చూసొద్దామని ఊరికే వెళ్లి రాయకండి.

రాష్ట్ర ఉద్యోగాలకు స్థానికత కావాలి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఒకటి నుంచి ఏడవ తరగతి దాకా ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడే స్థానికులు. పోస్టులలో 95 శాతం స్థానికులకే. కొన్నేళ్లు నాందేడ్‌లో, కొన్నేళ్లు మదర్సాలో, కొన్నేళ్లు సర్కారు బడిలో చదివిన పిల్లలు మనలో ఉన్నారు. ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఆధార్‌లో మహమ్మద్, మెమోలో ఎండీ, మరోచోట మొహమ్మద్ అని ఉంటే ఈ సెలవుల్లోనే సరిచేయించుకోండి. నోటిఫికేషన్ వచ్చాక మీసేవ ముందు నిలబడే రోజులు చదువుకోవలసిన రోజులు.

ఎక్కడ సాయం దొరుకుతుంది?

లక్షల రూపాయల కోచింగ్ లేనిదే సాధ్యం కాదన్న మాట నమ్మకండి. హైదరాబాద్‌లో రాష్ట్ర మైనారిటీ స్టడీ సర్కిల్ ఉంది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో సివిల్స్ శిక్షణ అకాడమీ ఉంది. ఢిల్లీలో జామియా మిల్లియా ఇస్లామియా రెసిడెన్షియల్ అకాడమీ మైనారిటీలకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ప్రవేశ పరీక్ష ద్వారా శిక్షణ ఇస్తోంది. 2021 సివిల్స్‌లో మొదటి ర్యాంకు సాధించిన శ్రుతి శర్మ అక్కడి విద్యార్థినే. ప్రిలిమ్స్ దాటిన తెలంగాణ అభ్యర్థులకు 2024 నుంచి సింగరేణి ద్వారా రాజీవ్ సివిల్స్ అభయహస్తం కింద లక్ష రూపాయలు అందుతున్నాయి. సివిల్స్ దరఖాస్తుకు ఆడపిల్లలు ఒక్క రూపాయి రుసుము కట్టనక్కరలేదు.

పెద్దలకు నా మనవి. ప్రతి పట్టణంలో మసీదు కమిటీవారు ఒక గది, నాలుగు బల్లలు, రెండు దినపత్రికలు, ఒక మంచి దీపం ఏర్పాటు చేయలేరా? ఆ గదిలో ఆడపిల్లలకు వేరుగా వేళలు పెట్టలేరా? ఒకే గదిలో ఆరుగురు నిద్రించే ఇంట్లో 1380 గంటల ప్రశాంతత ఎలా దొరుకుతుంది? అమ్మాయి డిగ్రీ పూర్తి చేసిందని సంబంధాలు చూస్తున్న తల్లిదండ్రులను రెండేళ్లు అడుగుతున్నాను. ఆ రెండేళ్లలో ఆమె ఏ పరీక్షలో ఓడినా, చదివిన చదువు ఆమెతోనే ఉంటుంది, ఆమె పిల్లలతోనూ ఉంటుంది.

ఓటమికీ ప్రణాళిక ఉండాలి

రాష్ట్రం ఏర్పడ్డాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో వచ్చింది. ఆ అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టినదాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చి, మెయిన్స్ ఆ ఏడాది అక్టోబరులో జరిగింది. ఇందులో విద్యార్థుల తప్పేమీ లేదు. అయినా ఆ రెండేళ్లు గడిచింది వారి వయసులోనే. అందుచేత ఎంత కాలం, ఎన్ని ప్రయత్నాలు అన్నది మొదటి రోజే ఒక కాగితం మీద రాసి ఇంట్లోవారికి చూపించండి. బీఎడ్ కానీయండి, గ్రూప్-2 కానీయండి, బ్యాంకు ఉద్యోగం కానీయండి, చేతికి ఒక ఆధారం ఉండనీయండి. అనుదీప్ ఉద్యోగంలో ఉండే మొదటి ర్యాంకు తెచ్చుకున్న సంగతి గుర్తుంచుకోండి.

మనలో ఒకరు తహసీల్దారైతే, ఒకరు డీఎస్పీ అయితే, కలెక్టరైతే, అది మనకొక్కరికే లాభమని నేను అనను. ఆ కుర్చీలో కూర్చున్నవారు అందరివారై ఉండాలి. అయితే కాగితం పట్టుకొని వరండాలో నిలబడిన బురఖా తల్లి మాట తర్జుమా లేకుండా అర్థమయ్యే అధికారి ఒకరు ఆ కార్యాలయంలో ఉంటే, ఆ తల్లికి సర్కారు మీద నమ్మకం పెరుగుతుంది. మన పోరాటం ఆ నమ్మకం కోసమే.

ఈ రాత్రి ఇంటికి వెళ్లి ఒక కాగితం తీసుకోండి. మీ వారంలో ఖాళీ గంటలు ఎన్ని ఉన్నాయో నిజాయితీగా రాయండి. ఐదు కాకపోతే మూడు రాయండి. మూడైతే 920 గంటలకు మరికొన్ని నెలలు పడతాయి, అంతే. రేపు ఫజ్ర్ తర్వాత మొదటి గంట మొదలుపెట్టండి. అల్లాహ్ మీ శ్రమను సఫలం చేయుగాక. ఆమీన్. సెలవు.